తోకచెప్పుల బోణీ

నీలగోపుర నగరంలో కొత్త సరుకు అంగట్లో పెట్టడమంటే మాటలు కాదు. ఆ ఊరి జనం మంచివాళ్ళే, కానీ ఒట్టి అనుమానపు పక్షులు. వంకాయ కొత్త రంగులో కాస్తే, పక్కింటివాడు తిని బతికి బట్టకట్టాడని తెలిశాకగానీ కొనరు. అలాంటి ఊళ్ళో చెన్నమల్లు అనే చెప్పులు కుట్టేవాడు తోకలున్న చెప్పులు అమ్మకానికి పెట్టాడు. అప్పుడే నవ్వకండి. ఎందుకు పెట్టాడో వింటే ఆ నవ్వు గొంతులోనే ఆగిపోతుంది.

ఆ నగరం అందానికేం లోటు లేదు. మబ్బుల్ని గీరే నీలిరాతి గోపురాలు, వాటి కొసల్లో గాలికి గలగలమనే వెండి గంటలు, రాజవీధి పొడుగునా పగడపు తోరణాలు, చందనపు తలుపుల మేడలు, మేడల మీద మధ్యాహ్నపు ఎండకు పురులు ఆరబెట్టుకునే నెమళ్ళు. చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. కానీ ప్రతి గుమ్మానికీ ఒక చీపురు వేలాడుతుండేది. గడప దాటినవాడు నడుం వంచి, తన అడుగును తానే ఊడ్చుకుంటూ వెనక్కి వెనక్కి నడిచేవాడు. శ్రీమంతులకు ఊడ్చే నౌకర్లుండేవాళ్ళు. నెత్తిన మూటతో కూలికి పోయేవాడికి ఊడ్చుకునే చెయ్యేదీ? అందుకే ముందు వాడే పోయేవాడు. తల్లులు బిడ్డల్ని ముందు నడిపించి, ఆ చిన్న అడుగు మీద తమ అడుగు వేసుకుంటూ వెళ్ళేవాళ్ళు. ఒకరి అడుగు మీద ఇంకొకరి అడుగు పడితే పిలుపు పై అడుగువాడికే వస్తుందని అక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు.

పిలిచేవాడు ధూళికేతు. ఎండిపోయిన శ్వేతనది ఇసుకకు అవతల మట్టితో కోట కట్టుకుంటున్న మాంత్రికుడు. మనిషి అడుగుపడ్డ మట్టిని చెదరకుండా ఎత్తుకుపోయి, దాన్ని ఇటుక పోస్తాడు. ఇటుక పచ్చిగా ఉన్నంతకాలం ఆ మనిషి అరికాళ్ళు మిట్టమధ్యాహ్నం అయ్యేసరికి కోటవైపు లాగుతాయి. ఇటుక బట్టీలో కాలిందా, ఇక అంతే. ఆ మనిషి కోట దగ్గరే నీడమనిషై తిరుగుతాడు. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు మీ నీడ, నా నీడ కాళ్ళ కింద ముడుచుకుంటాయి కదా! వాళ్ళవి మాత్రం సాయంకాలపు నీడల్లా బారలు బారలుగా సాగుతాయి. అందుకే ఆ ఊళ్ళో రాత్రికి ఎవరూ జడిసేవాళ్ళు కాదు. మధ్యాహ్నం అంటేనే తలుపులు పడేవి.

చెన్నమల్లు అక్క అంకాళి. తల్లి పోయాక వాణ్ణి ఎత్తుకుని పెంచింది ఆమే. తోళ్ళు నానేయడానికి తంగేడు చెక్క కొట్టుకొస్తుండగా చేతుల్లో మోపు ఉండి ఊడ్చుకోలేకపోయింది, ఏటిగట్టు మీద అడుగు పోయింది. అప్పటినుంచీ మధ్యాహ్నం అయ్యేసరికి ఆమె చూపు మారిపోయేది. పలకరించినా పలికేది కాదు. నీడ సాగేది. కాళ్ళు గుమ్మంవైపు నడిచేవి. మల్లు ఆమెను గుంజకు కట్టేసి, ఆమె పాదాలు నేలను గీరుతుంటే చూడలేక బయటికొచ్చి ఏడ్చేవాడు. అమావాస్యకు ధూళికేతు బట్టీ అంటిస్తాడని ఊళ్ళో చాటింపు అక్కర్లేకుండానే అందరికీ తెలుసు.

అమావాస్య దగ్గర పడింది.

అలాంటి ఇంట్లో పనికి కుదిరాడు శిఖన్న. అసలు పేరు శిఖిధ్వజుడు, ఈ రాజ్యానికి యువరాజు. ధూళికేతు గుట్టు కనిపెట్టందే తిరిగి తండ్రి కోటలో అడుగు పెట్టనని పంతం పట్టి, మారువేషంలో తోళ్ళు నానేసే లంద పక్కన కూర్చున్నాడు. ఆ వాసనకు మొదటిరోజు కళ్ళు తిరిగి పడ్డాడనుకోండి, ఆ మాట వేరు.

"అడుగే పడకపోతే వాడు దేన్నెత్తుకుపోతాడు అన్నా?" అన్నాడొకరోజు, తోలు సాగదీస్తూ.

చెన్నమల్లు చేతిలో తోలు గుచ్చే ఆరె ఆగిపోయింది. అంతే, ఇద్దరూ పనిలో దిగారు.

మొదట కొయ్య పావుకోళ్ళు చేశారు. అడుగు ఇంకా లోతుగా పడింది. తరవాత మడమ ముందుకీ వేళ్ళు వెనక్కీ తిప్పి కుట్టారు. శిఖన్న అవి తొడుక్కుని ఠీవిగా నాలుగడుగులు వేసి, తిన్నగా వెళ్ళి లందలో పడ్డాడు. అంకాళి చాలాకాలానికి నవ్వింది. చివరికి మల్లు పాత గొంగడి ముక్కను తోలు అట్ట కింద పరిచి కుట్టాడు, అంచు నేలను కోయకుండా. మడమ వెనక ఈత నారతో కుచ్చు కట్టాడు. కాలు లేస్తే కుచ్చు జారి, పడిన గుర్తును తుడిచేస్తుంది. కుచ్చు మరీ పొడుగైతే వీధి కుక్కలు పట్టుకు లాగాయి. కాస్త కత్తిరించాడు.

"ఇంక అక్కకు తొడుగుదాం," అన్నాడు.

"తప్పితే?" అన్నాడు శిఖన్న.

"తప్పితే వెనకే పరిగెత్తుదాం. ఇంకేం చేస్తాం?"

మిట్టమధ్యాహ్నం. వీధిలో పిట్ట కూడా లేదు. అంకాళి చూపు అప్పుడే గాజులా అయిపోయింది. మల్లు చెప్పులు తొడిగి, కట్లు విప్పాడు. ఆమె లేచింది. గుమ్మం దాటింది. ఆమె నీడ గుమ్మంలోంచి వీధి అవతలి గోడదాకా పాకింది. ఒక అడుగు వేసింది, కుచ్చు దుమ్ము మీద జారింది. ఇంకో అడుగు. మల్లు వెనకే నడిచాడు. వీధి మలుపు దగ్గర ఆమె నిలబడిపోయింది, దారి మరిచిపోయినట్టు అటూ ఇటూ చూసింది. నేల మీద అడుగే పడని కాళ్ళను పిలుపు పట్టుకోలేకపోయింది. నీడ మెల్లగా వెనక్కి ముడుచుకుని ఆమె కాళ్ళ కిందికి చేరింది.

"ఒరేయ్ మల్లూ, ఈ మండుటెండలో నన్నెందుకురా బయటికి లాక్కొచ్చావు? నీకేం పోయేకాలం?" అంది అంకాళి.

అంత తియ్యని తిట్టు వాడు పుట్టి బుద్ధెరిగాక వినలేదు. అక్క కాళ్ళు పట్టుకుని వీధిలోనే భోరుమన్నాడు.

ఒక్క అక్క బతికితే చాలదు. ఊరు ఊరంతా ఈ చెప్పులు తొడుక్కుంటే ధూళికేతుకు ఇటుకకు మట్టి దొరకదు, కోట పైవరస లేవదు. కనుక అమ్మాలి. అంకాళి తోలు కోసింది, మల్లు కుట్టాడు, చాటింపు పని శిఖన్నది. యువరాజుకు చాటడం ఎక్కడొచ్చు? వినడమే తెలుసు. వీధిలో నిలబడి, "సకల దిగ్దంతి సన్నిభులారా! అరిభయంకర పాదరక్షలు విచ్చేయుచున్నవి!" అని మొదలెట్టాడు. జనం రాజుగారొస్తున్నారనుకుని పక్కకి తప్పుకున్నారు.

"ఓరి నీ పాండిత్యం తగలెయ్య! తోకచెప్పులమ్మా తోకచెప్పులు అనరా!" అని అంకాళి నెత్తిన మొట్టింది.

ఆ పేరే నిలిచిపోయింది. జనం నవ్వుకుంటూ వచ్చారు, అంకాళి మధ్యాహ్నం పూట గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుకోవడం చూశారు, నవ్వు మానేశారు. కొలతలిచ్చారు. ఆ ఊరి చెప్పుల పనివాళ్ళు కొలత ఎలా తీస్తారో చెప్పాలి. జిగట మట్టిని పలకలా పరిచి, దాని మీద కాలు పెట్టమంటారు. ఆ అచ్చును నీడలో ఆరబెట్టి, దాని ప్రకారం తోలు కోస్తారు. తాతల నాటి పద్ధతి. మల్లు తాతా అలాగే చేశాడు, తండ్రీ అలాగే చేశాడు. వీధి వీధంతా వచ్చి పలకల మీద కాళ్ళు పెట్టి వెళ్ళింది. శిఖన్నా పెట్టాడు. ఇంకో జత కోసం అంకాళి కూడా పెట్టింది. పలకలన్నీ అంగడి వెనక గోడ పొడుగునా బారులు తీరాయి.

మీకు వెలిగిందా? వాళ్ళకి వెలగలేదు. అడుగు దాచుకునే సరుకు అమ్మబోతూ, ఊరందరి అడుగులనూ చెదరకుండా, తేరగా, ఒకేచోట పేర్చిపెట్టారు. ఏటిగట్టున గంపతో కాపు కాసే మాంత్రికుడికి ఇంతకన్నా ఏం కావాలి? కంచే చేను మేయడమంటే ఇదే.

అమ్మకం రోజు తెల్లవారింది. అంగడి ముందు పందిరి వేశారు, మామిడాకులు కట్టారు, జతలు జతలుగా తోకచెప్పులు తాళ్ళకు వేలాడదీశారు. జనం తిరునాళ్ళలా వచ్చారు. వచ్చి, నిలబడ్డారు. ఒక్కడూ ముందుకు రాడు.

ఎందుకంటే బోణీ. కొత్త సరుకుకు బోణీ చేసినవాడి నెత్తినే దాని మంచీ చెడూ పడుతుందని ఆ ఊరి నమ్మకం. "నువ్వు కానీ బావా," అంటే "పెద్దవాడివి, నువ్వుండగా నేనా?" అంటాడు ఇంకొకడు. ఇంత చేసీ ఈ మర్యాదలేమిటని అంకాళికి ఒళ్ళు మండింది. అలా ఒకరి మొహం ఒకరు చూసుకుంటుండగానే ఎండ నడినెత్తికెక్కింది. ఒక్కొక్కరే చీపుళ్ళు తీసుకుని, ఊడ్చుకుంటూ ఇళ్ళకు జారుకున్నారు. తలుపులు పడ్డాయి. వీధి ఖాళీ. వెండి గంటలు కూడా మోగడం మానేశాయి.

అప్పుడొచ్చింది ముసలమ్మ.

ఎటునుంచి వచ్చిందో ముగ్గురిలో ఎవరూ చూడలేదు. ముసుగు, చేతికర్ర, చంకన పెద్ద గంప. ఆమె నడిచొచ్చిన మేర సన్నని దుమ్ము లేచి, మళ్ళీ సర్దుకుంటోంది.

"బోణీ నాది నాయనా," అంది.

చెన్నమల్లుకు ప్రాణం లేచొచ్చింది. "రా అవ్వా! నీ నోట్లో చక్కెర పొయ్య! ఏ జత కావాలి?"

ముసలమ్మ ఏదో తీసి వాడి చేతిలో పెట్టింది. కాల్చిన ఇటుక పెంకు, ఇంకా వెచ్చగా ఉంది. అలవాటు ఎంత చెడ్డదో చూడండి, వాడు దాన్ని కళ్ళకద్దుకున్నాడు.

"చెప్పులు నాకెందుకు? బోణీ బేరానికి అడిగింది లేదనకూడదు కదూ! ఆ వెనక గోడ పొడుగునా మట్టి పలకలున్నాయి చూడు, అవి కావాలి. అన్నీ."

వాడు వెనక్కి తిరిగి పలకల వంక చూశాడు. ఊరందరి పాదాలు వరసగా ఉన్నాయి. అక్క పాదం అన్నిటికన్నా ముందుంది. అప్పుడు వెలిగింది వాడికి.

"ఓరి నా బుద్ధి మండా," అన్నాడు పైకే.

శిఖన్న పందిరి గుంజలో దాచిన కత్తి దూశాడు. పిడికి మాణిక్యాలు మెరిశాయి. ఒక్క వేటుతో ముసలమ్మ మెడ తెగిపడాల్సింది. కత్తి ఇవతలినుంచి అవతలికి దూసుకుపోయింది, మెడలోంచి జరజర దుమ్ము రాలింది, రాలిన దుమ్ము లేచి మళ్ళీ మెడై కూర్చుంది. శిఖన్న రెండోసారి నరికాడు, మూడోసారి పొడిచాడు. ముసుగు జారింది. ముసలి మొహం పొరలు పొరలుగా రాలి, దాని కింద బొట్టు లేని, కనుబొమ్మలు లేని, ఎర్రమట్టి రంగు మగ మొహం బయటపడింది.

"దయచేయండి యువరాజా," అన్నాడు ధూళికేతు. "తమ పాదం అచ్చు కూడా అక్కడే ఉన్నట్టుంది. భాగ్యం."

"యువరాజా!" అంది అంకాళి, శిఖన్న వంక చూసి. "అనుకుంటూనే ఉన్నాను. ఆరె పట్టడం రానివాడికి అరచేతిలో ఆ కాయలేమిటా అని!"

"లేదంటావా మల్లూ?" ధూళికేతు వాడి మీదే చూపు నిలిపాడు. "అను. బోణీ చెడిందని నేనే చాటిస్తాను. నీ చెప్పు ఈ ఊళ్ళో ఇక ఒక్కడూ ముట్టుకోడు. కోట పైవరసకు నాకు కావలసినన్ని అడుగులు మళ్ళీ గట్టు మీదే దొరుకుతాయి. ఇస్తావా, ఇంకా మంచిది."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇస్తే ఊరు పోతుంది. కాదంటే చెప్పులు పోతాయి, చెప్పులతో ఊరు పోతుంది. పలకలు పగలగొడదామా అంటే, అచ్చు పగిలితే కాలు విరుగుతుందని పాత భయం. చెన్నమల్లు ఒక్క క్షణం అక్క వంక చూశాడు. చిన్నప్పుడు వీధిలో తనను ముందు నడిపిస్తూ, తన ప్రతి అడుగు మీదా అడుగేసిన మనిషి ఆమె.

వాడు తన కాళ్ళకున్న తోకచెప్పులు విప్పేశాడు.

"కాదంటానా స్వామీ! బోణీ కదా," అన్నాడు. "కొంచెం పచ్చిగా ఉన్నాయి. అదిమి ఇస్తాను, ఆగు."

ఉత్తి కాళ్ళతో మొదటి పలక మీద తొక్కాడు. అక్క పాదం మీద వాడి పాదం పడింది. రెండోదాని మీద, మూడోదాని మీద, ఒకదాని తరవాత ఒకటి, గోడ పొడుగునా, పరుగులాంటి నడకతో. కూలివాళ్ళ పాదాల మీద, గౌరమ్మ నోములు నోచే ఆడపిల్లల పాదాల మీద, యువరాజు పాదం మీద. ఏం చేస్తున్నాడో మాంత్రికుడికి తెలిసేసరికి వాడు ఆ చివర చేరాడు.

"మల్లూ, వద్దురా!" అని అంకాళి కేక పెట్టింది. అప్పటికే ఆలస్యమైంది.

"తీసుకెళ్ళు," అన్నాడు చెన్నమల్లు రొప్పుతూ. "బోణీ సరుకు వెనక్కి తీసుకునే ఆచారం మా ఊళ్ళో లేదు. నువ్వు పుచ్చుకోక తప్పదు, నేనివ్వకా తప్పదు."

ధూళికేతు మొహంలో మట్టి బీటలు వారింది. పళ్ళు కొరికాడు. తరవాత నవ్వాడు, ఆ నవ్వు పళ్ళు కొరకడం కన్నా ఘోరంగా ఉంది.

"పిచ్చివాడా! ఊరందరికీ రావలసిన పిలుపు ఒక్కడి కాళ్ళకే తగిలించుకున్నావు. ఎంతసేపు నిలబడతావో చూస్తాను." పలకలన్నీ సుడిగాలిలో లేచి గంపలో పడ్డాయి. గంప, కర్ర, మనిషి, అంతా ఒకే దుమ్ముస్తంభమై వీధి చివరికి పోయి కనబడకుండా పోయింది.

పిలుపు వెంటనే వచ్చింది.

అరికాళ్ళలో ఊరంతటి నడక ఒక్కసారే పుట్టినట్టయింది. చెన్నమల్లు గుంజ పట్టుకున్నాడు, గుంజ ఊడివచ్చింది. అంకాళి నడుం పట్టుకుంది, ఆమెనూ ఈడ్చుకుపోయాడు. శిఖన్న అడ్డం నిలబడ్డాడు, వాణ్ణి తోసుకుంటూ పోయాడు. మల్లు నీడ వాడికన్నా ముందే ఏటివైపు పరుగెత్తుతోంది. చెప్పులు తొడగబోతే ఆ కాళ్ళు క్షణం నిలవవు.

"అక్కా, వదులు! వెళ్ళి కుట్టు!" అని అరిచాడు వాడు, ఇంకా తెలివి ఉండగానే. "బోణీ అయింది, ఇక అందరూ కొంటారు! మట్టిలో కొలత తియ్యొద్దు. దారంతో తియ్యి. విన్నావా? దారంతో!"

అంకాళి చేతులు జారిపోయాయి. దుమ్ములో మోకాళ్ళ మీద కూలబడి, తిడుతూ, ఏడుస్తూ, చివరికి లేచి రంపె అందుకుంది. ఆమె చేతులు తోలు కోస్తున్నాయి, కళ్ళు మాత్రం ఏటివైపే ఉన్నాయి.

శిఖిధ్వజుడు కత్తి ఒరలో పెట్టాడు, తన తోకచెప్పుల వార్లు బిగించాడు. శ్వేతనది ఇసుకలో చెన్నమల్లు అడుగులు బావుల్లా పడుతున్నాయి. వాటి పక్కనే యువరాజు నడిచాడు, ఇసుక మీద గుర్తే లేదు.

అవతలి ఒడ్డున ఎర్రగోడ కనిపించింది. దూరం నుంచి ఇటుకలు ఇటుకల్లాగే ఉన్నాయి. దగ్గరికి వెళ్ళేకొద్దీ ఒక్కొక్క ఇటుక మీద పాదం, పాదంలో వేళ్ళు, వేళ్ళలో మెట్టెల ఒత్తిళ్ళు, ఆనెకాయల గుంటలు. గోడ వెచ్చగా ఊపిరి తీస్తోంది. గోడ వారన నీడమనుషులు పొడుగాటి నీడలీడ్చుకుంటూ పచ్చి ఇటుకలు మోస్తున్నారు. ఒక్కరూ తలెత్తలేదు. వాళ్ళు మాట్లాడరని ఊళ్ళో చెప్పుకుంటారు. యువరాజు గోడ పగులులో నక్కాడు. చెన్నమల్లు కాళ్ళు మాత్రం ఆగకుండా గుమ్మంలోకి లాక్కుపోయాయి.

గుమ్మంలో ఒకామె నిలబడి ఉంది. చంకలో బిడ్డ. ఆమె నీడ గోడ ఎక్కి పైదాకా పోయింది, బిడ్డ నీడ మాత్రం మామూలు బిడ్డ నీడలాగే చిన్నగా ఉంది. ఆమె చెన్నమల్లు వేళ్ళ వంక చూసింది, ఆరె పోట్లతో నల్లబడ్డ వేళ్ళు. పెదాలు కదిపింది. చాలాకాలంగా వాడని గొంతు మట్టి రాల్చుకుంటూ బయటికొచ్చింది.

"చెప్పులు కుట్టేవాడివా నాయనా?"

దారిలో మసకబారిన చెన్నమల్లు తెలివి ఆ మాటకు తిరిగొచ్చింది. "అవునమ్మా."

"వీణ్ణి కడుపున మోస్తూ వచ్చాను. ఇక్కడే పుట్టాడు. ఇంతవరకూ నేల మీద దింపలేదు. దింపితే అడుగు పడుతుంది, పడితే వాడెత్తుకుపోతాడు. వీడేమో నడుస్తానని కాళ్ళు కొట్టుకుంటున్నాడు. నా చేతులు ఇంక మొయ్యలేవు." బిడ్డ పాదాన్ని ముందుకు చాపింది. "చిన్న కాలే. తోలెక్కువ పట్టదు."

ఊళ్ళో అంతమంది ఉండీ ఒక్కరూ ముందుకు రాలేదు. ఇక్కడ, ఈ ఎర్రగోడ లోపల, బేరమాడకుండా ఒక తల్లి అడుగుతోంది. వాడి కాళ్ళు ఆగవు, బట్టీవైపు లాక్కుపోతూనే ఉన్నాయి.

"నా పక్కనే నడువు తల్లీ," అన్నాడు. "నడుస్తూనే కొలుస్తాను."

మొలకు చుట్టుకున్న కుట్టుదారం లాగి, బిడ్డ మడమ నుంచి బొటనవేలిదాకా పట్టి, కొసన ముడి వేశాడు. చక్కిలిగింత పెట్టినట్టయి బిడ్డ కిలకిలా నవ్వాడు. ఆ కోటలో నవ్వు ఎవరూ వినలేదేమో, గోడ వారన ఇటుకలు మోసేవాళ్ళు ఒక్కొక్కరే తలెత్తారు. ఒకడు తలమీది ఇటుక దించాడు. ఇంకొకామె దించింది. పొడుగాటి నీడలన్నీ ఒక్కొక్కటే తిరిగి, వాడి వెనక బారు కట్టాయి.

"ఎవడ్రా పని ఆపింది?" అని లోపలినుంచి ధూళికేతు గొంతు ఉరిమింది.

ఆ తల్లి బిడ్డను గుండెకు అదుముకుని, చెన్నమల్లు చెవి దగ్గరికి వంగింది.

"తొందరగా కుట్టు నాయనా. అమావాస్యదాకా ఆగడం లేదు. వాడు బట్టీ అంటించేశాడు."